ఒక ఓటు తక్కువ

ఆదివారం సాయంత్రం ఐదింటికి ఓటింగ్ యంత్రాలతో ఎన్నికల సిబ్బంది మా పాళెంలో బస్సు దిగారు. నేను రిటైరయ్యేదాకా ఎనిమిదేళ్ళు పాఠాలు చెప్పిన బడే పోలింగు కేంద్రం. ఆ గదిలోనే నల్లబల్ల మీద ‘రహస్య ఓటు’ అని రాసి, కింద గీత గీసి, పిల్లల చేత వల్లె వేయించాను. సిబ్బందిలో ఒకమ్మాయి బెంచీ మీద దుప్పటి పరుచుకుంటూ, “ఫ్యాను తిరుగుతోందండీ” అని పక్కావిడతో సంబరంగా చెప్పింది. కిటికీ బయట నుంచి విన్న నాకూ కాస్త హాయిగా అనిపించింది. అంతలో చాటింపు వినబడింది.

మా ఊళ్ళో పెద్దకాపులు, అంటే ఊరి పెద్దలు, కూర్చుని ఒక కట్టుబాటు పెడితే దాన్ని దురాయి అంటారు. ఏ రోజు సముద్రం మీద చేపల వేటకు పోకూడదో, ఎవరికి ఓటు వేయాలో అన్నీ దురాయే చెబుతుంది. తప్పినవాళ్ళను ఊరు దూరం పెడుతుంది. ఈసారి చాటింపు రెండే మాటలు. ఊరి ఓట్లన్నీ వాగు మీద వంతెన కట్టిస్తానన్న మనిషికే పడాలి. మస్తానమ్మ మాత్రం రేపు గడప దాటకూడదు.

వంతెన మాట నేను ఈ ఊరికి వచ్చిన ఏడాది నుంచీ వింటున్నాను. మాట ఇచ్చినవాళ్ళు మారారు, మెడలో కండువాలు మారాయి. వాగు మాత్రం వానాకాలం రాగానే మమ్మల్ని ఇవతలే ఉంచేస్తుంది. మూడేళ్ళ కిందట నా భార్య ప్రేమలీలను మంచం మీద పడుకోబెట్టి నలుగురు మనుషులు మెడలోతు నీళ్ళలో దాటించారు. ఆమె దుప్పటి కూడా తడవనివ్వలేదు. అవతల ఒడ్డుకు చేరేసరికే ఆమె లేదు. అంబులెన్సు మాత్రం లైటు వేసుకుని మా కోసం ఎదురుచూస్తూనే ఉంది.

ఓటుతో ఏదో మారుతుందని నేనిప్పుడు నమ్మను. కానీ మస్తానమ్మ సంగతి వేరు.

ఐదేళ్ళ కిందటా ఇలాగే దురాయి పెట్టారు. ఓట్ల లెక్కింపులో ఏ బూతులో ఎన్ని పడ్డాయో విడిగా తెలిసిపోతుంది. మా బూతులో ఆరువందల పదకొండు ఓట్లు పోలైతే, ఆరువందల పది ఒకే మనిషికి పడ్డాయి. మిగిలిన ఒక్కటీ ఎవరికీ కాకుండా నోటాకు పడింది. ఊరు ఉడికిపోయింది. ఆ ముందు వారమే మస్తానమ్మ అందరి ఎదుటా, “ఎవురికేస్తే ఏముంది? నా మొగుడు సముద్రంలో పోతే ఒక్కడన్నా తొంగిచూసినాడా?” అని ఉంది. ఇంకేం, ఆ ఓటు ఆమెదే అన్నారు. అప్పటి నుంచి కుళాయి దగ్గర అందరి బిందెలూ నిండాకే ఆమె వంతు. ఆడవాళ్ళ ఆటోలో ఆమె ఎండుచేపల గంపకు చోటు లేదు. వాకాడు సంత దాకా నెత్తిన పెట్టుకుని నడిచే పోతుంది.

ఆ నోటా మీట నొక్కింది నేను.

మస్తానమ్మను దూరం పెట్టిన రోజే ప్రేమలీలకు చెప్పాను. “పోయి ఒప్పుకోండి” అంది. రేపు చెబుతానన్నాను. ఆమె పోయేదాకా అది రేపుగానే ఉండిపోయింది.

చాటింపు ఆగాక, ఇంటికెళ్ళి ఖాళీ బిందె చేతిలో పట్టుకుని బయటికొచ్చాను. నీళ్ళకని నాకు నేనే చెప్పుకున్నాను గానీ కాళ్ళు పడవల వైపు నడిచాయి. పెద్దకాపు జయరామయ్య అక్కడ వల బాగుచేస్తున్నాడు.

“రాండి అయ్యోరా, కూసోండి. బిందె ఎత్తుకొని సముద్రం కాడికి వచ్చినారేంది? ఉప్పునీళ్ళతో కాఫీ కాస్తారా?”

“జయరామయ్యా, పోయినసారి ఆ ఓటు మస్తానమ్మది కాదు. నాది.”

అతని చెయ్యి ఆగలేదు. ముడి బిగించి దారం పంటితో తెంపాడు.

“తెలుసు గదా.”

“తెలుసా?”

“ఆ నోటా అంటే ఏందో మా వోళ్ళకి యాడ తెలుసు? చదువుకున్నోళ్ళు మీరిద్దరే ఉండినారు. ప్రేమలీలమ్మ మాట తప్పే మనిషి గాదు.”

“మరి మస్తానమ్మకెందుకు శిక్ష?”

“ఎవురో ఒకరికి ఎయ్యకుంటే దురాయి నిలబడదు. మీకేస్తే బదిలీ చేయించుకొని పోతారు. మీరు రాకముందు నాలుగేండ్లు బడికి అయ్యోరు లేడు. పిలకాయలు గవ్వలేరుకుంటా తిరిగినారు. ఆమె యాడికి పోతది?”

ఆ మాటల్లో కోపం లేదు, సిగ్గూ లేదు. మంచి చేశాననే నమ్మకంతో అన్నాడు.

“ఇప్పుడు రిటైరయ్యాను కదా. ఇప్పుడైనా విడిచిపెట్టండి.”

“ఇప్పుడు విడిస్తే అప్పుడు తప్పు చేసినామని ఒప్పుకున్నట్టు గాదా?”

“కనీసం రేపు ఓటు వేయనివ్వండి. అది ఆమె హక్కు.”

వల మడిచి పక్కన పెట్టాడు. “సరే. ఆమె రావచ్చు. మీరు రాబాకండి. మళ్ళా ఒకటి తక్కువొస్తే నేను తల ఎత్తుకోలేను.”

నేను సరే అన్నాను. ఓటు పోయిందన్న బాధ కలగలేదు. ఐదేళ్ళ తర్వాత ఒక మంచిపని చేశాననిపించింది. ఆ సంతోషంతోనే కుళాయి దగ్గరికి నడిచాను. అందరూ వెళ్ళిపోయారు. మస్తానమ్మ ఒక్కతే బిందె పెట్టి కూర్చుని ఉంది. ధార సన్నబడిపోయింది.

“మస్తానమ్మా, రేపు నువ్వు ఓటు వేయొచ్చు. జయరామయ్య ఒప్పుకున్నాడు.”

“ఓటా?” అంది. “నాకెందుకయ్యోరా ఓటు? అడిగేదేదో బిందె వంతు అడక్కపోయినారా?”

ఆ మాట నాకు తట్టనే లేదు. జయరామయ్య ఎదుట అంతసేపు కూర్చున్నాను. ఈ బిందె నా పక్కనే ఉంది.

“అయినా మీకెందుకు ఇదంతా?” అంది.

చెప్పాను. ఆ ఓటు ఎవరిదో చెప్పాను. పెద్దకాపుకు మొదటి నుంచీ తెలుసని కూడా చెప్పాను.

ఆమె బిందెను ధార కిందికి సర్దింది. నెమ్మదిగా అంది. “మా సాయిలక్ష్మి పెండ్లికి పందిట్లో మీరూ ప్రేమలీలమ్మే కూసున్యారు. ఊర్లో ఒక్కరు రాలా. మీరు వచ్చినారని ఇప్పటికీ చెప్పుకుంటా ఉండాను. వారం వారం మీ గడప కాడ చేపలు పెట్టేది అందుకే.”

ఆ పెళ్ళిలో ప్రేమలీల అన్నం సగంలో వదిలేసి ఎందుకు లేచిందో నాకొక్కడికే తెలుసు.

బిందె నిండింది. మస్తానమ్మ దాన్ని చంకనెత్తుకుని, నా వైపు చూడకుండా వెళ్ళిపోయింది. ఆఖరున నీళ్ళు పట్టినవాళ్ళు కుళాయి కట్టేయాలన్నది కూడా ఊరి కట్టుబాటే. ఆమె కట్టలేదు. వెనకాల నేనున్నానని అలాగే వదిలేసి పోయింది.

బిందె కింద పెట్టాను. ధార దారంలా వచ్చి, అడుగు కూడా తడవకముందే ఆగిపోయింది.