సగం కుప్ప

తారురోడ్డు దిగి ఉప్పు మడుల్లోకి మళ్లే చోట, రెండు సరుగుడు కర్రల మధ్య ఏసుమణి రాత్రీ పగలూ నవ్వుతూనే ఉంటుంది. మంచమంత ముఖం, నెత్తిన ఉప్పు గంప, చేతిలో పాసుబుక్కు. పక్కన పెద్ద అక్షరాలతో 'మా బ్యాంకు ప్రతి ఇంటికీ చేరింది' అని రాసి ఉంటుంది.

ఆ ఫ్లెక్సీని చూస్తే అసలు ఏసుమణికి ఒళ్లు మండిపోతుంది. పొద్దున పనికి పోతూ దాని పక్కనుంచే నడవాలి, సాయంత్రం దాని పక్కనుంచే ఇల్లు చేరాలి. తన ముఖాన్ని తానే తిట్టుకుంటూ నడిచే ఖర్మ పగవాళ్లకు కూడా వద్దు.

ఆ ఫొటో తీసింది క్రిస్మస్ వెళ్లిన నెలకు. బ్యాంకు వాళ్లు షామియానా వేసి, మడుల్లో పనిచేసే ఆడవాళ్లందరికీ ఖాతాలు తెరిచారు. మేనేజరు చంద్రమౌళి మైకులో, "ఖాతా ఉంటే చాలమ్మా, లోను దానంతటదే వస్తుంది" అన్నాడు. తర్వాత ఏసుమణిని నిలబెట్టి ఫొటో తీయించాడు. ఆమె కోక మాసి ఉందని మార్చుకోమన్నారు. పక్క మడి మస్తానమ్మ తన ఆకుపచ్చ కోక అరువిచ్చింది.

లోను వస్తుందన్న ఆ మాట నమ్మడమే ఏసుమణి చేసిన తప్పు. రెండు మడులు కౌలుకు చేస్తుంది. ఎండలు ముదిరేకొద్దీ ఉప్పు తీసి గట్టు మీద కుప్ప పోస్తుంది. దాని మీద గట్టి పట్టలు కప్పకపోతే ఒక్క వానకు నాలుగు నెలల కష్టం గంగపాలు. ఏటా ఆ పట్టలు ఉప్పు వ్యాపారి ఇచ్చేవాడు. ఇచ్చినందుకు కుప్ప ఆయనకే అమ్మాలి, ఆయన చెప్పిందే ధర. ఈ ఏడు ఫ్లెక్సీ లేచిన రోజే ఏసుమణి ఆయన దగ్గరికి వెళ్లి, "ఇంక మీ పట్టలు నాకొద్దన్నా, బ్యాంకోళ్లు ఇస్తా ఉండారు" అని తలెత్తుకుని చెప్పి వచ్చింది. ఆయన ఆ పట్టలు వేరేవాళ్లకు ఇచ్చేశాడు.

బ్యాంకు చుట్టూ నాలుగుసార్లు తిరిగింది. ఒకసారి మేనేజరు లేడు. ఒకసారి కంప్యూటరు పనిచేయలేదు. ఒకసారి కౌలు కాగితం తెమ్మన్నారు. ఉప్పు మడికి కాగితం రాసిచ్చిన మహానుభావుడు ఎవడున్నాడు? నాలుగోసారి చంద్రమౌళి అసలు సంగతి చెప్పాడు.

"ఉప్పు పంట కిందికి రాదమ్మా. పరిశ్రమ కింద లెక్క. షెడ్డో, స్థలమో హామీ చూపించాలి."

"పంట గాకపోతే వానకెందుకు పోతాది సార్? పరిశ్రమైతే దానికి పైకప్పు ఏదీ?"

చంద్రమౌళి చిన్నపిల్లను చూసినట్టు నవ్వాడు. ఆ నవ్వు ఏసుమణి గుండెల్లో ముల్లులా దిగబడి, ఇప్పటికీ అక్కడే ఉంది.

మే నెల సగంలో, ఒక మధ్యాహ్నం పూట సముద్రం మీద మబ్బు లేచింది. ఏసుమణి కుప్ప మీద ఉన్నవి పాత తాటాకులే, అవీ సగం చివికినవి. గాలి తిరిగింది. మస్తానమ్మ తన కుప్ప కప్పేసి పరుగున వచ్చింది.

"ఏం జేస్తావక్కా?"

ఏసుమణి కొడవలి తీసుకుని రోడ్డు మలుపుకు నడిచింది. ఫ్లెక్సీ తాళ్లు నాలుగూ తెగ్గోసింది. ఇద్దరూ ఈడ్చుకొచ్చి కుప్ప మీద పరిచారు. అంచుల మీద మట్టిపెళ్లలు పెడుతుంటే చంద్రమౌళి బండి గట్టు కింద ఆగింది. మర్నాడు బ్యాంకు పెద్దసారు తనిఖీకి వస్తున్నాడట. ఫ్లెక్సీ బాగుందో లేదో చూసుకుందామని వస్తే అక్కడ కర్రలే మిగిలాయి.

"ఏంటమ్మా ఇది? బ్యాంకు ఆస్తిని కోసేస్తావా? తియ్యి ముందు!"

"మీరే తియ్యండి సార్, మీ చేత్తోనే. నేనైతే తియ్యను."

"రేపు సారు వెళ్లిపోయాక నీ లోను సంగతి చూస్తాను. నా మాట విను."

"ఒకసారి ఇన్నాను గదా సార్! మీ మాట ఇనే కదా పట్టలు పోగొట్టుకున్నా!" ఏసుమణి గొంతు చీరుకుపోయింది. "నా మొహం కావాల్సొచ్చింది మీకు. నా ఉప్పు అక్కర్లా!"

"నా కోక గూడా గావాల్సొచ్చింది," అంది మస్తానమ్మ.

చినుకులు మొదలయ్యాయి. చంద్రమౌళి చెయ్యి ఫ్లెక్సీ అంచుదాకా వెళ్లి వెనక్కి వచ్చింది. పక్కనున్న పంపు షెడ్డు చూరు కిందికి వెళ్లి నిలబడ్డాడు. వాన అరగంట దంచికొట్టింది.

ఎంత లాగినా ఫ్లెక్సీ సగం కుప్పకే సరిపోయింది. మిగతా సగం తాటాకుల కింద కరిగి, తెల్లటి నీళ్లై గట్టు దిగి పోయింది. ఏసుమణి రెండు చేతులూ అడ్డం పెట్టింది. వేళ్ల సందుల్లోంచి కారిపోయింది. ఆమె ఏడవలేదు. ఏడుపును మింగేసేంత కోపంగా ఉంది.

వాన వెలిశాక చంద్రమౌళి మెల్లగా బండి దగ్గరికి నడిచాడు. ఏసుమణి లేచి ఆయనకు అడ్డంగా నిలబడింది.

"రేపు మీ పెద్దసారును ఈడికే తీసుకురాండి సార్. మీ బ్యాంకు చేరినకాడ ఉప్పుండాది. చేరనికాడ నీళ్లుండాయి. నేనేం చెప్పే పన్లా, ఆయనే చూసుకుంటాడు."

ఏసుమణి గంప తీసుకుని, తడిసిన ఉప్పులో చేతికందినంత ఎత్తి, ఫ్లెక్సీ కిందికి చేరవేయసాగింది.