వెనక్కి తిరిగొచ్చిన వెయ్యి వరుసలు

వాన లెక్కల ఆఫీసులో ప్రోగ్రామరుగా ఆమెకిది మూడో నెల. ఊరు కొత్త, మనుషులు కొత్త. సెలవురోజు గదిలో గోడల్ని చూస్తూ కూర్చోలేక పొద్దున్నే ఆఫీసుకు వచ్చేసింది.

పని కొండంత ఉంది. నలభై ఏళ్లుగా నూట ఎనభై కేంద్రాల్లో కొలిచిన వాన, రోజుకొక వరుస చొప్పున ఇరవయ్యారు లక్షల వరుసలు, డేటాబేస్‌లోకి చేరాలి. పాత ప్రోగ్రాం ఒక్కో వరుసనే తీసుకెళ్లి, అది చేరిందన్న కబురు వచ్చేదాకా చేతులు కట్టుకుని నిలబడి, అప్పుడు రెండోదాని కోసం వెనక్కొచ్చేది. ఆ నడకకు మూడు రోజులు పడుతుంది.

ఆమె దాన్ని తిరగరాసింది. వెయ్యేసి వరుసలు ఒక బ్యాచ్. అన్నీ ఒకేసారి వెళ్లాలి, ఒకేసారి ఖాయం కావాలి. ఒక్క వరుస చెడినా బ్యాచ్ మొత్తం తిరిగి రావాలి. అరకొరగా చేరితే ఏది చేరిందో తేల్చుకోలేక తల ప్రాణం తోకకొస్తుంది. మధ్యాహ్నానికి బ్యాచ్‌లు చకచకా కదిలాయి. “అబ్బ!” అంది పైకే. వినడానికి ఎవరూ లేరు.

అంతలో ఒకటి తిరిగొచ్చింది. దాన్ని సగానికి చీల్చి, చెడ్డ సగాన్ని మళ్లీ చీల్చి, చివరికి ఆ ఒక్క వరుసను పట్టుకుంది. పదకొండేళ్ల కిందటిది. అంకె ఉండాల్సిన చోట మాటలున్నాయి: “వాన బాగా పడింది. కొలవలేదు. మా ఆవిడ పోయింది.”

ఆ కేంద్రం చూసే పెద్దాయన నంబరు జాబితాలో ఉంది. ఫోన్ చేసి సంగతి చెప్పింది. “ఆ రోజుకి ఏం వెయ్యమంటారండీ?”

“అది ఇన్నాళ్లకి ఎవరైనా చదివారా అమ్మా?”

“నేను చదివానండీ.”

“సున్నా మాత్రం వెయ్యకండి. వాన పడింది. ఖాళీగా వదిలెయ్యండి.”

“అలాగేనండీ. మీ మాటలు పక్కన వేరే గడిలో ఉంచుతాను.”

“మంచిది.” ఆయన ఫోన్ పెట్టలేదు. “భోంచేశారా?”

“ఇంకా లేదండీ.”

“ఒక్కరే ఉంటారా?”

“ఒక్కదాన్నేనండీ.”

“అయితే వేళకి తినాలమ్మా. చెప్పేవాళ్లుండరు కదా మరి.”

ఆమె ఊఁ అని మాత్రం అంది.

కొత్త గడి చేర్చి ఆ బ్యాచ్‌ను మళ్లీ పంపింది. చేరింది. గంట తిరిగేసరికి మిగతావన్నీ చేరిపోయాయి. ఒక్కటీ వెనక్కి రాలేదు. అందుకు సంతోషించాల్సిన మనిషి, ఇంకొక్కటి వస్తే బాగుండునని తెర వంకే చూస్తూ కూర్చుంది.