డోసు సరిగ్గానే ఉంది

ఫార్మసీ కాలేజీలో పిల్లలంతా ఆమెను డోసు మేడం అనేవాళ్లు. ఎవరు ఏ మందు పేరెత్తినా ఆమె నోట వచ్చే మొదటి మాట "డోసు?" అనే. ఆ పేరు సంగతి ఆమెకూ తెలుసు. తెలిసీ తెలియనట్టు ఊరుకునేది.

ఆ రోజు క్షయ పాఠం. ఏడేళ్లుగా చెబుతున్నదే, నోట్సు తెరవక్కర్లేదు. అయినా స్టాఫ్ రూములో నోట్సు తెరిచి పెట్టుకుని, మొదటి పేజీ దాటలేక కూర్చుంది. పక్కన ఫోను. పాప రిపోర్టు మధ్యాహ్నానికి వస్తుందని బావ చెప్పాడు. పాప ఆమె అక్క కూతురు, ఎనిమిదేళ్లది. నెల రోజులుగా సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడుతోంది. మెడ పక్కన బఠానీ గింజంత గడ్డ కూడా తేలింది. అక్క మూడు వారాలుగా ఆసుపత్రిలోనే ఉంది. ఆమెకు క్షయ అని, కుడి ఊపిరితిత్తి సగం పాడయ్యాక గానీ బయటపడలేదు.

అంత ఆలస్యం ఎందుకైందో తెలిసిన మనిషి ఒక్కతే. ఆ ఒక్కతే ఇప్పుడు స్టాఫ్ రూములో కూర్చుని ఉంది.

అక్క బట్టలు కుట్టే దుకాణంలో కత్తిరింపు పని చేసేది. దగ్గు మొదలైనప్పుడు "బట్టల నూగు పడదు నాకు, అంతే" అంది. చెల్లెలూ అలాగే అనుకుంది. ఆ నూగుకే ఛాతీలో కఫం చేరి ఉంటుందని ఐదు రోజులకు సరిపడా లెవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మాత్రలు తెచ్చి ఇచ్చింది. మూడో రోజుకే దగ్గు తగ్గింది. నెల తిరిగేసరికి మళ్లీ మొదలైంది. మళ్లీ అవే మాత్రలు, మళ్లీ తగ్గింది. అలా మూడుసార్లు. "ఇంట్లో డాక్టరమ్మని పెట్టుకుని ఆసుపత్రుల చుట్టూ తిరగడం దేనికి?" అని అక్క ఇరుగుపొరుగు దగ్గర గొప్పలు పోయేది. చూస్తుండగానే ఐదు నెలలు గడిచాయి. ఆ ఐదు నెలలూ పాప తల్లి పక్కలోనే పడుకుంది.

గంట కొట్టారు. ఆమె నోట్సు మూసి ప్రాక్టికల్ గదికి వెళ్లింది.

ఆ గదిలో మందుల షాపులో ఉన్నట్టే ఒక కౌంటరు, దాని వెనక అరల నిండా ఖాళీ మందుల డబ్బాలు ఉంటాయి. ఒకరు రోగిలా వస్తారు, ఒకరు కౌంటరు వెనక నిలబడతారు. ఆ రోజు రోగి వేషం క్లాసులో అందరూ మైకు అని పిలిచే పిల్లది. నోరు తెరిస్తే పక్క క్లాసుకు వినబడుతుంది. కౌంటరు వెనక దాని ప్రాణ స్నేహితురాలు, కళ్లజోడు పిల్ల.

మైకు నడుం వంచి, గది అదిరేలా దగ్గింది.

"అంత దగ్గితే మందులు కాదమ్మా, అంబులెన్సు కావాలి," అంది వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి. అందరూ నవ్వారు.

"నువ్వుండవే," అని మైకు మళ్లీ దగ్గుతూ కౌంటరు మీదికి వాలింది. "అమ్మా, ఈ దగ్గు చంపుతోంది. పోయిన నెల ఇచ్చావే, ఆ మాత్రలే ఇయ్యి. అవి వేసుకుంటే మూడు రోజుల్లో హాయిగా ఉంది."

డోసు మేడం కుర్చీ వెనక్కి జరిగి గోడకు తగిలింది. అచ్చం అక్క అన్న మాటే.

కళ్లజోడు పిల్ల అరలోంచి లెవోఫ్లాక్సాసిన్ డబ్బా తీసి మైకు చేతిలో పెట్టింది. అది తప్పని ముందు బెంచీలకు తెలుసు. రెండు వారాలు దాటిన దగ్గుకు ముందు కఫం పరీక్షకు పంపాలని పోయిన క్లాసులోనే రాసుకున్నారు. అంతా మేడం వైపు చూశారు.

"డోసు?" అంది మేడం, అలవాటుగా.

"రోజుకొకటి, ఐదు వందల మిల్లీగ్రాములు, ఐదు రోజులు మేడం."

"డోసు సరిగ్గానే ఉంది."

"మరి తప్పెక్కడ మేడం? తెలిసిన మనిషాయె. వట్టి చేతుల్తో ఎలా పంపను?"

మేడం లేచి ఆ డబ్బాను మైకు చేతిలోంచి తీసుకుంది.

"ఈ మందు క్షయ క్రిమిని పూర్తిగా చంపదు. నోరు నొక్కి కూర్చోబెడుతుంది. దగ్గు తగ్గుతుంది, జబ్బు తగ్గదు. మనిషి బాగుందని మనం అనుకుంటాం. లోపల దాని పని అది చేసుకుపోతుంది." ఆమె డబ్బాను అరలో పెట్టబోయి చేతిలోనే ఉంచుకుంది. "నాకు తెలిసిన ఒకామెకి మూడుసార్లు ఇచ్చారు. ప్రతిసారీ డోసు సరిగ్గానే ఇచ్చారు."

"ఎవరిచ్చారు మేడం అంత తెలివితక్కువగా?" అంది మైకు.

"నేనే. ఆమె మా అక్క."

మైకు మెల్లగా నడుం నిటారు చేసుకుని నిలబడింది. కళ్లజోడు పిల్ల అడిగింది, "ఆవిడకి తెలుసా మేడం?"

మేడం తల అడ్డంగా ఊపింది. నలభైమంది పిల్లలకు చెప్పింది గానీ, చెప్పాల్సిన ఆ ఒక్క మనిషికి మాత్రం చెప్పలేదు.

క్లాసు అయ్యీ కాకముందే బావ ఫోను చేశాడు. "వచ్చింది. పాపకీ ఉందంట. మీ అక్కకి చెప్పాను. గోడవైపు తిరిగి పడుకుంది. నువ్వెళ్లు, నీ మాటైతే వింటది."

ఆసుపత్రిలో అక్క మంచం కిటికీ పక్కన. పొద్దున్నే మాత్రలు వేసుకుంటే వాంతులవుతున్నాయని వాటిని మధ్యాహ్నానికి మార్చారు. నర్సు చిన్న గిన్నెలో పెట్టి వెళితే, చెల్లెలు ఒక్కొక్కటే చూపించి, పేరు చెప్పి, అక్క అరచేతిలో పెట్టాలి. వేరేవాళ్లు ఇస్తే అక్క వేసుకునేది కాదు. "మా చిన్నదాని చేత్తో ఇస్తేనే పనిచేస్తాయి," అని నర్సులతో హాస్యమాడేది.

ఆ రోజు హాస్యం లేదు. మాస్కు పైన కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి.

"నా బిడ్డకి నేనే అంటించానే చిన్నదానా," అంది అక్క. "ఖళ్లుఖళ్లున దగ్గుకుంటూ దాన్ని పక్కలో వేసుకున్నాను. ఏ తల్లయినా చేసే పనేనా?"

గిన్నెలో మాత్రలున్నాయి. చెల్లెలు గ్లాసులో నీళ్లు పోసింది. ఇప్పుడు ఊరుకుంటే ఈ మాట ఎన్నటికీ బయటికి రాదు. అక్క బతికున్నన్నాళ్లూ తన్ను తాను తిట్టుకుంటూనే ఉంటుంది.

"నువ్వు కాదక్కా. నేను."

"నువ్వేం చేశావే?"

"నేనిచ్చిన మాత్రలే నీ జబ్బుని కప్పెట్టాయి. మొదటి నెలలోనే కఫం పరీక్షకి పంపాలి. ఆ సంగతి నాకు తెలుసు. ఏడేళ్ల నుంచీ క్లాసులో చెబుతున్నదే. నువ్వు అక్కవి కదా, నీకెందుకొస్తుందిలే అనుకున్నా."

అక్క ఏడవలేదు. కిటికీ బయటికి చూస్తూ వేళ్లు మడుచుకుంది.

"ఐదు నెలలు," అంది.

"అవును."

"పాప ఐదు నెలలు నా పక్కలో పడుకుంది."

"పాపకి తగ్గిపోతుందక్కా. మందులు పూర్తిగా వేస్తే..."

"ఇదీ నువ్వేగా చెప్పేది."

ఆ మాటలో కోపం లేదు. ఉన్నా బాగుండుననిపించింది చెల్లెలికి. గిన్నెలోంచి ఎర్ర మాత్ర తీసి, ఎప్పటిలాగే చూపిస్తూ పేరు చెప్పబోయింది. అక్క అరచెయ్యి చాపలేదు. దుప్పటి కింద పెట్టుకుంది.

"నర్సుని పిలు."

నర్సు వచ్చి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఏంటమ్మా, రోజూ మీ చెల్లెలి చేత్తోనేగా?"

"ఇక మీరే ఇవ్వండి," అంది అక్క.

నర్సు మాత్రలు లెక్కచూసి ఒక్కొక్కటే అక్క అరచేతిలో పెట్టింది. మంచం చివర నిలబడిన చెల్లెలు అలవాటు మానలేక తనూ లోపలే లెక్కపెట్టింది. ఒక్కటీ తప్పలేదు.

"పాపకి రేపు పొద్దున మాత్రలు నేనొచ్చి..."

"వాళ్ల నాన్న వేస్తాడులే," అంది అక్క, ఆమె వైపు చూడకుండా.

చెల్లెలు పోసిన నీళ్ల గ్లాసు ఇంకా ఆమె చేతిలోనే ఉంది. నర్సు, బల్ల మీద ఉన్న వేరే గ్లాసు తీసి నీళ్లు పోసింది.