టోకెన్ లేనివాళ్ళు పక్కన నిలబడండి

నేను ఒక కాఫీ మిషన్ని. వంటింటి గట్టు మీద ఓ మూల ఒదిగి కూర్చునే రకాన్ని కాదు. పెళ్ళిపందిళ్ళలో, సినిమా హాళ్ళలో బుస్సుమని ఆవిరి వదులుతూ చుట్టూ జనాన్ని పోగేసుకునే రకాన్ని. లోపల రాగి బాయిలర్, బయట మందపాటి స్టీలు ఒళ్ళు, ఎదురుగా ఆవిరి ఎంతుందో చెప్పే ముల్లు, పక్కన ఏనుగు తొండంలా ఒక గొట్టం. నన్ను ఎత్తాలంటే ఇద్దరు కావాలి. దించాలంటే ముగ్గురు కావాలి, ఎందుకంటే ఎత్తిన ఇద్దరూ అప్పటికే అలిసిపోయి ఉంటారు.

నేను పుట్టింది కోయంబత్తూరు దగ్గర ఒక వర్క్‌షాపులో. నన్ను అతికిన మేస్త్రీ చివర్లో సుత్తి పిడితో నా పొట్ట మీద తట్టి చూసి, తమిళంలో ఏదో అన్నాడు. "ఇది మనందర్నీ సాగనంపి గానీ పోదు" అని దాని అర్థమట. లారీలో నా పక్కన కూర్చున్న పెద్ద ఇడ్లీ పాత్ర చెప్పింది. అది దీవెనో శాపమో నాకప్పుడు తెలియలేదు.

లారీ నన్ను మండపేటలో ఒక సినిమా హాలు ముందు దించింది. అక్కడి క్యాంటీన్‌ని వేలంపాటలో దక్కించుకున్న గవర్రాజు నన్ను చూసి ముందు బొట్టు పెట్టాడు, తర్వాత గ్యాసు వెలిగించాడు. నా సంగతి అతను త్వరగానే గ్రహించాడు. ఒక కప్పు పెట్టినా వంద కప్పులు పెట్టినా నా బాయిలర్ నిండాల్సిందే, ముల్లు పైకి లేచేదాకా ఆగాల్సిందే. అందుకే తెర మీద ఇంటర్వెల్ ముందొచ్చే పాట మొదలవగానే పొయ్యి వెలిగించేవాడు. ఇంటర్వెల్ బెల్లు కొట్టేసరికి నేను బుసలు కొడుతూ సిద్ధంగా ఉండేదాన్ని.

ఇక చూడాలి ఆ కాసేపూ. తలుపులు తెరుచుకుని జనం గోదారి గట్టు తెగినట్టు వచ్చి పడేవాళ్ళు. టికెట్టు కోసం క్యూలో బుద్ధిగా నిలబడ్డ మనుషులే కాఫీ దగ్గరికొచ్చేసరికి ఒకరి భుజం మీంచి ఒకరు చెయ్యి చాచేవాళ్ళు. కౌంటర్లో రేకు టోకెన్ కొనుక్కుని, అది గవర్రాజు ముందున్న డబ్బాలో వేస్తేనే కప్పు. "టోకెన్ లేనివాళ్ళు పక్కన నిలబడండి" అని అతను పెట్టే కేక నా బుస కంటే పెద్దది.

నేను ఎన్నో సినిమాలు విన్నాను, ఒక్కటీ చూడలేదు. విన్నవీ మొదటి సగాలే. ఇంటర్వెల్ అవగానే గవర్రాజు నా ఆవిరంతా వదిలేసి, గ్లాసులు కడగడం మొదలుపెట్టేవాడు. ఆ రొదలో రెండో సగం నా చెవిన పడేది కాదు. ఎంతమంది హీరోయిన్లు అపార్థం చేసుకుని పెట్టె సర్దుకుని వెళ్ళిపోయారో నాకు తెలుసు. తిరిగొచ్చారో లేదో తెలియదు.

ఆదివారం మాట్నీకి గవర్రాజు భార్య సత్యవేణి వచ్చేది. క్యాంటీన్ వాళ్ళ మనిషి కదా, గేటులో ఎవరూ ఆపేవారు కాదు. ఇంటర్వెల్లో వచ్చి స్తంభం పక్కన నిలబడేది. గవర్రాజు జనం తలల మీంచి ఆమెను చూసి, "కాస్త ఆగు, వీళ్ళది అయిపోనీ" అనేవాడు. ఇంటిమనిషి టోకెన్ కొంటే ఊళ్ళో నామోషీ. టోకెన్ లేకుండా ఇస్తే క్యూలో గొడవ. మనుషులు ఇలాంటి చిక్కుముళ్ళు తామే వేసుకుని వాటికి మర్యాద అని పేరు పెట్టుకుంటారు. ఈలోగా బెల్లు కొట్టేవారు. సత్యవేణి కొంగు సర్దుకుని లోపలికి వెళ్ళిపోయేది. ప్రతి ఆదివారం ఇదే తంతు. ఆమె రావడమూ మానలేదు, కాఫీ అడగనూ లేదు.

కాలం మారింది. హాలు మూసేశారు. దాన్ని ఫంక్షన్ హాలు చేస్తారని గోడలు కొలుచుకుంటున్నారు. కుర్చీలు ఎవరో కొనుక్కుపోయారు. గవర్రాజు మాత్రం నన్నూ, టోకెన్ల డబ్బానూ రిక్షా బండిలో పెట్టించుకుని ఇంటికి తెచ్చాడు.

వంటింట్లో నాకు చోటు చెయ్యడానికి గ్రైండర్‌ని పడగ్గదిలోకి మార్చాల్సి వచ్చింది.

"పోన్లెండి, అదీ పగలంతా తిరిగి అలిసిపోతోంది, పడుకుంటుంది" అంది సత్యవేణి.

"ఇంకెవరింట్లో ఉంది చెప్పు ఇలాంటి మిషను? మనవలు కూడా వాడుకోవచ్చు."

"ముందు మనల్ని వంటింట్లో నిలబడనిస్తే చాలు."

అతని చేతికి హాలు మూతపడిన సంగతి తెలియలేదు. మాట్నీ ఇంటర్వెల్ వేళయ్యేసరికి లేచి పొయ్యి వెలిగించేవాడు. ముల్లు లేచేది. ఇంట్లో ఉన్నది ఇద్దరు, నా కడుపులో ఉన్నది ఊరికి సరిపడా ఆవిరి. దాన్ని వృథా చెయ్యడం ఇష్టంలేక వీధి అరుగు మీద నిలబడి వచ్చేపోయేవాళ్ళని పిలిచేవాడు. ఎదురింటి రిటైర్డ్ పోస్టుమాస్టరు రంగనాయకులు గారైతే పిలవక ముందే వచ్చేవారు. "గవర్రాజు గారూ, ఇంటర్వెల్ ఇచ్చేశారా?" అంటూ చెప్పులు విప్పేవారు. గవర్రాజు మొహం వెలిగిపోయేది. హాలు పోయాక అతన్ని పేరు పెట్టి పిలిచేది ఆ ఒక్క వేళలోనే మరి.

సత్యవేణి ముందుగదిలో ఒక్కతే టీవీలో సినిమా చూసుకునేది. కాఫీ ఆమెదాకా వచ్చేసరికి పాలు అయిపోయేవి. "నీకు తర్వాత పెడతాలే" అనేవాడు. ఆ తర్వాత అనేది ఎప్పుడొస్తుందో నాకూ తెలిసేది కాదు.

ఒక శనివారం వచ్చింది. శనివారం సత్యవేణికి ఉపవాసం. పొద్దుపోయాక గ్లాసుడు పాలు, అంతే. ఆ పాలూ, తోడుకి ఉంచిన పాలూ కలిపి గవర్రాజు నా గొట్టం కింద పెట్టి నురగలు పొంగించి, రంగనాయకులు గారి ఇంటికొచ్చిన చుట్టాలందరికీ పోసేశాడు. వాళ్ళు ఆహా అన్నారు. దీపం పెట్టి వచ్చిన సత్యవేణి గిన్నె మూత తీసి చూసింది.

"పాలేవండీ?"

గవర్రాజు గిన్నెకేసి చూశాడు, నాకేసి చూశాడు. నేనేం చెప్పను.

ఆమె కుండలోంచి నీళ్ళు ముంచుకుని తాగి, గ్లాసు బోర్లించింది. "పాత ఇనుము వాణ్ణి సోమవారం రమ్మంటాను" అంది.

గవర్రాజు ఆదివారమంతా అరుగెక్కలేదు, పొయ్యి వెలిగించలేదు. రంగనాయకులు గారు వచ్చి, తలుపు సందులోంచి చూసి, "ఇవాళ షో లేదా?" అని వెళ్ళిపోయారు. గవర్రాజు తడిగుడ్డతో నన్ను తుడుస్తూ కూర్చున్నాడు. నేను పోతే తను మళ్ళీ ఎవరికీ పట్టని మనిషే. ఆ సంగతి అతనికి తెలుసు. అయినా ఆమెను బతిమాలలేదు. ఏ మొహం పెట్టుకుని బతిమాలతాడు?

సోమవారం మధ్యాహ్నం పాత ఇనుము వాడు కాటా పట్టుకుని వచ్చాడు. నా చుట్టూ ఒకసారి తిరిగి, "అమ్మా, ఇంకో మనిషి ఉండాలమ్మా" అన్నాడు.

"ఉండు బాబూ, ఒక్క నిమిషం" అంది సత్యవేణి. నా వెనకాల ఉన్న డబ్బా తీసి, అందులోంచి ఒక రేకు టోకెన్ ఏరి, కొంగుతో తుడిచి గట్టు మీద పెట్టింది.

"ఇదిగోండి టోకెన్. ఇప్పుడైనా ఇస్తారా?"

గవర్రాజు ఆ టోకెన్ వంక చూశాడు. తర్వాత పొయ్యి వెలిగించాడు. ముల్లు లేచేదాకా ముగ్గురూ నిలబడే ఉన్నారు. ఇన్నాళ్ళూ ట్రేల కొద్దీ పోసిన చెయ్యి ఒక్క కప్పు దగ్గర తడబడింది. పంచదార ఎక్కువైందని మళ్ళీ తీశాడు. "నీకు ఎంత వెయ్యాలి?" అని అడిగాడు. భార్యకి తీపి ఎంతో తెలియని కాఫీ మాస్టర్ని నేను మొదటిసారి అప్పుడే చూశాను. ఆమె వేళ్ళతో చూపించింది. నేను నా వంతు చేశాను. అంత మెత్తగా ఎప్పుడూ బుస కొట్టలేదు.

సత్యవేణి ఒక గుక్క తాగింది. ఇంకో గుక్క తాగింది.

ఇనుము వాడు గుమ్మంలోంచి తల పెట్టాడు. "వాసన బాగుందమ్మా. నాకూ కాసింత..."

"టోకెన్ ఉందా?" అంది సత్యవేణి. "లేకపోతే పక్కన నిలబడు."

గవర్రాజుకి నవ్వాగలేదు. ఆమెకీ ఆగలేదు. ఇనుము వాడికి అర్థం కాకపోయినా కాఫీ అందింది. వట్టి చేతులతో పంపడం బాగుండదని వాడికి పాడైపోయిన ఇస్త్రీపెట్టె, చిల్లిబకెట్టు ఇచ్చి పంపించారు.

గట్టు మీది టోకెన్‌ని గవర్రాజు డబ్బాలో వెయ్యలేదు. ఆమె చేతిలోనే పెట్టాడు. "ఇది నీ దగ్గరే ఉంచుకో. రోజూ చెల్లుతుంది. నీ కప్పు అయ్యాకే మిగతావాళ్ళది."

"పాలు?"

"నీ పాలు ముట్టుకోను."

ముందుగదిలో టీవీలో సినిమా నడుస్తోంది. అప్పుడే ఇంటర్వెల్ అయింది. అలవాటు ప్రకారం గవర్రాజు గ్లాసులు కడగడానికి లేచాడు. సత్యవేణి అతని చొక్కా అంచు పట్టుకుని లాగింది. అతను కూర్చున్నాడు. నా ఆవిరి వదిలేవాళ్ళు లేక నేను నెమ్మదిగా, నా అంతట నేనే చల్లారాను. చప్పుడేమీ లేదు. అందుకే మొదటిసారి రెండో సగం మొత్తం విన్నాను.

హీరోయిన్ తిరిగొచ్చింది. వస్తుందని సత్యవేణికి ముందే తెలుసట.