మొలవని సంచి

1994 జూన్ పదిహేను, వంకాయ పచ్చడి, పెరుగన్నం అని గోడ మీద సుద్దతో రాసి ఉంది. అది హైమ చేతిరాతే. ఆమె మొదటి ఉద్యోగం చేసిన విత్తన పరీక్ష గదే ఇది, కానీ వరిచేను కిటికీలోంచి లోపలికొచ్చి బల్లల కింద మోకాలెత్తు నీళ్ళతో నిలబడి ఉంది, నా కాళ్ళు మాత్రం తడవడం లేదు. నా భార్య పోయి రెండేళ్ళయిందని నాకు తెలుసు. అయినా తడి కాగితం మీద నూరు గింజలు పేరుస్తున్న ఆమెను పలకరిస్తే లెక్క తప్పుతుందేమోనని ఊరికే చూస్తున్నాను.

"అలా గుడ్లప్పగించి చూడకపోతే ఓ చెయ్యి వేయొచ్చుగా," అంటుంది తలెత్తకుండానే. "పిల్లకేం చెప్పారు?"

మా తన్మయి ఇంజనీరుగా చేరి నాలుగు నెలలు. తను గీసిన స్లాబ్ డ్రాయింగులో ఇనుప కడ్డీలు తక్కువ పడ్డాయని ఈ సాయంత్రమే చూసుకుంది. రేపు పొద్దున్నే ఆ స్లాబ్ పోస్తారు.

"ఎవరైనా అడిగితే చూద్దాంలే అన్నాను."

"నాకూ అదేగా చెప్పారు." ఆమె కాగితం చుట్ట చుడుతూండగానే అంచుల్లోంచి తెల్లటి మొలకలు వస్తున్నాయి. "రెండు సంచుల చీటీలు తారుమారు చేశానని ఏడుస్తూ వస్తే, ఆ పచ్చడీ పెరుగన్నమూ పెట్టి, కొత్త ఉద్యోగం, మాట్లాడకు అన్నారు. మొలవని సంచి ఎవరి చేలో పడిందో కనుక్కుంటానన్నారు. కనుక్కున్నారా?"

"లేదు హైమా."

"ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఏ గింజ చేతికి తీసుకున్నా ముందు ఆ సంచే గుర్తొచ్చేది." గొంతులో కోపం లేదు, నా భుజం మీది ఊక దులుపుతుంది, నాకది చాలు. "తప్పొక్కటే మోసుకెళ్ళొద్దనండి, దిద్దింది కూడా పట్టుకెళ్ళమనండి. వాళ్ళ ఆఫీసు పెద్దాయన కేకలేస్తే వేయనివ్వండి. కేకలకి ఎవరి పంటా పోదు."

"నువ్వే చెప్పరాదూ?"

"నేను లెక్కలో ఉన్నాను. తొంభై ఏడు..."

పడక్కుర్చీలో మెలకువ వచ్చేసరికి ఇంకా రాత్రి ఎనిమిదిన్నరే. తన్మయి బల్ల ముందు ఎర్రటి కళ్ళతో కూర్చుని ఉంది.

"దిద్దావా అమ్మా?"

"దిద్దాను. కానీ..."

"అయితే ఇప్పుడే ఫోన్ చెయ్యి. ఇందాక నేను చెప్పింది తప్పు."

"ఉద్యోగం పోతే?"

"ఇంకోటి దొరికేదాకా నేను వండిపెడతాగా."

"నీ వంటా! అయితే ఉద్యోగం ఉండాల్సిందే నాన్నా."

ముక్కు తుడుచుకుని ఫోన్ పట్టుకుని తన గదిలోకి వెళ్ళింది. బల్ల మీద, పొద్దున తను మూటగట్టిన పెసలు తడిగుడ్డలోంచి తెల్లటి మొలకలు బయటపెట్టాయి. లోపలినుంచి, "సార్, రేపటి స్లాబ్ ఆపాలి సార్, తప్పు నాదే," అని వినబడింది. ఆ వెనకే ఫోన్లోంచి పెద్దాయన కేక. నేను లేచి, చప్పుడు కాకుండా ఆమె గది తలుపు దగ్గరగా వేశాను.