ట్యాబ్‌లో పురాణం

ఈ ట్యాబ్‌ని కనిపెట్టిన మహానుభావుడు ఎవరో గానీ, కార్తీక మాసంలో ఒక్క మధ్యాహ్నం పార్వతమ్మగారి ముందుగదిలో కూర్చుని దీన్ని పైకి చదివి చూపిస్తే ఆయన కాళ్ళకి దండం పెడతాను. నా వల్ల కావడం లేదు. నాలుగు పేజీలు తిరిగేసరికి కళ్ళలో కారం కొట్టినట్టు మంట, ధారగా నీళ్ళు, అక్షరాలన్నీ అలుక్కుపోవడం.

రాయ్‌పూర్‌లో వ్యాగన్లు బాగుచేసే షాపు పక్కనున్న మా డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన రైల్వే కుటుంబాల ఆడవాళ్ళం కార్తీకంలో రోజుకో అధ్యాయం పురాణం వింటాం. చదివేది నేను, సుభద్రని. నా తర్వాతి వాళ్ళంతా హిందీ బళ్ళలో చదివినవాళ్ళు, తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. వినేవాళ్ళలో పెద్ద పార్వతమ్మగారు. ఆవిడకి చెవుడు. అందుకని నా ఎదురుగా, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చుని నా పెదవులు చూస్తూ వింటుంది. అధ్యాయం ముగియగానే అందరికంటే ముందు ‘హరహర మహాదేవ’ అనేది ఆవిడే.

పాత పుస్తకాన్ని ఈ వానాకాలం చెదలు తినేశాయి. రాయ్‌పూర్‌లో తెలుగు పుస్తకం ఏ కొట్లో దొరుకుతుంది? మా ఆయన కొండలరావు ఎవరినో బతిమాలి, స్కాన్ చేసిన పుస్తకాన్ని ట్యాబ్‌లో ఎక్కించి తెచ్చాడు. కొత్త పుస్తకానికి రాసినట్టే పార్వతమ్మగారు దాని మూలలకి పసుపు రాసి, అద్దం మీద తడి కుంకుమతో బొట్టు పెట్టింది. ఆ తడికి పేజీలు వాటంతట అవే తిరిగిపోతుంటే తుడవలేక చచ్చాను.

ఇక కళ్ళకి చెయ్యని వైద్యం లేదు. దేవేంద్ర నగర్‌లో డాక్టరు చుక్కలిచ్చి, రెప్పలు బాగా ఆడించమన్నాడు. ఆడిస్తూ చదివితే “ఆంటీ, ఏడుస్తన్నారా?” అంది పక్క క్వార్టర్ కోడలు రాజశ్రీ. మధ్య మధ్యలో దూరంగా చూడమన్నాడు. చూస్తే, వరస తప్పాననుకుని అందరూ నా మొహంలోకి చూశారు. మా ఆయన తెరని పసుపురంగు చేశాడు. అయినా మంట తగ్గలేదు. నల్లగా చేశాడు. దీపం ముందు నల్లటి పేజీ ఏమిటని పార్వతమ్మగారు ఒప్పుకోలేదు. అక్షరం పెద్దది చేస్తే సగం వాక్యం తెర బయటికి పోతుంది. దాన్ని వేలితో అటూ ఇటూ లాగుతూ పురాణం చదవడం ఎంత నరకమో నాకు తెలుసు.

“ఇంటికాడ సకసకా సదివేస్తావు. అక్కడికెల్తే ఏటొచ్చింది నీకు? సబ్ నాటక్!” అన్నాడు మా ఆయన.

నిజమే, ఇంట్లో బాగానే ఉంటుంది. అందుకే ఇంకా ఒళ్ళు మండింది.

నిన్న ఒక పేరా రెండుసార్లు చదివేశాను. రాజశ్రీ ఉండబట్టలేక అనేసింది. “ఛోడియే నా ఆంటీ, వదిలీండి! మొబైల్లో ఆడియో ఉంటాది. రేపట్నించి స్పీకర్ పెట్టీసి వినీద్దాం. మీ కళ్ళకీ ఆరామ్.”

నా మంచికే అంది. కానీ నాకు ఏడుపొచ్చింది. నా గొంతు అక్కర్లేదంటే ఏదోలా దిగమింగుకుంటాను. స్పీకర్‌కి పెదవులుంటాయా? పార్వతమ్మగారు దేన్ని చూసి వింటుంది?

“రేపొక్కరోజు చదవనియ్యండి. అప్పటికీ నా వల్ల కాకపోతే మీ ఇష్టం” అన్నాను.

ఇవాళ ఎప్పటిలాగే తూర్పుకి తిరిగి కూర్చున్నాను. చదివేవాళ్ళు తూర్పు చూడాలి, వెనకనుంచి పుస్తకం మీద వెలుతురు పడాలి. అది పార్వతమ్మగారి అత్తగారు పెట్టిన పద్ధతి. రెండో పేజీకే మంట మొదలైంది. రాజశ్రీ స్పీకర్ ఒళ్ళో పెట్టుకుని సిద్ధంగా ఉంది. ఇంతలో దీపంలో నూనె తగ్గిందని పార్వతమ్మగారు లేచి, నా వెనక కిటికీలో ఉన్న సీసా కోసం వెళ్ళింది. ఆవిడ నీడ తెర మీద పడింది. ఒక్కసారిగా అక్షరాలన్నీ కడిగినట్టు కనిపించాయి. ఆవిడ పక్కకి జరిగింది. తెరంతా మళ్ళీ తెల్లటి మెరుపు.

“కదలకండి!” అని అరిచాను. ఆవిడకి వినపడితేగా! కొంగు పట్టుకుని ఆపాను.

చలికాలమని ఆ కిటికీలోంచి కూలర్ తీసేశారు. పడమటి ఎండంతా నేరుగా వచ్చి ఈ అద్దం మీద కొడుతోంది. కాగితానికి పనికొచ్చిన వెలుతురే దీనికి శత్రువు. ఇన్నాళ్ళూ చుక్కలు పోసుకుని ఏడ్చానే, ఛీ, నా తెలివి తగలెయ్య!

“ఇటు తిరిగి కూర్చుంటాను” అన్నాను, ఆవిడకి కనిపించేలా పెదవులు కదిపి.

“తూర్పు మారడానికి నేదు” అంది పార్వతమ్మగారు.

“రేపు పరదా కట్టీద్దాం. ఈవేళకి స్పీకర్ పెట్టీనా?” అంది రాజశ్రీ.

పార్వతమ్మగారు తన కుర్చీ లాక్కెళ్ళి, కిటికీకి అడ్డంగా నా వెనకాల కూర్చుంది.

“అక్కడ కూర్చుంటే మీకెలా వినపడుతుంది?” అని వెనక్కి తిరిగి కోప్పడ్డాను.

“నా సెవులెలాగూ పోనాయి. నీ కళ్ళయినా ఉండనీ. సదువు.”

చదివాను. ఒక్క అక్షరం తప్పలేదు, ఒక్క చుక్క నీరు కారలేదు. కాలనీ అంతా వినపడేలా గొంతు చించుకున్నాను. అధ్యాయం ముగిసింది. అందరూ ‘హరహర మహాదేవ’ అన్నారు. నా వెనకనుంచి మాత్రం ఏ శబ్దమూ లేదు.

ట్యాబ్ తీసుకుని పూర్తిగా వెనక్కి తిరిగాను. తూర్పూ లేదు, పడమరా లేదు. ఆవిడ మోకాలికి నా మోకాలు ఆనించి, మొదటి పేజీ నుంచి మళ్ళీ మొదలుపెట్టాను.