గదిలో మెయిన్ తీస్తే అంగడిలో ఆగింది

మార్చి మూడో ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకు ఎర్రగుంట్ల దగ్గర ఒక ఊళ్లో ఓబులమ్మ గది మెయిన్ స్విచ్ తీశారు. కింద భూపేష్ కూల్‌డ్రింక్ అంగడిలో ఫ్రిజ్‌లన్నీ ఆగిపోయాయి.

స్విచ్ తీసింది ఓబులమ్మ మనవరాలు హర్షిణి, ఎనిమిదో తరగతి. తీయమన్నది సైన్సు టీచరు నాగజ్యోతి.

ఓబులమ్మకు భర్త లేడు. మనవరాలితో భూపేష్ మేడ మీద గదిలో అద్దెకుంటుంది. దిగినప్పుడు కరెంటు బిల్లు తానే కట్టుకుంటానన్నాడు భూపేష్. మీటరుకు మాత్రం ఓబులమ్మ ఆధార్ జతచేయించాడు. బిల్లు తప్పిందని ఆమె అతనికి దండం పెట్టింది. నెలకు సగటున మూడు వందల యూనిట్లు దాటిన ఇంటికి పింఛను రాదని ఆమెకు తెలియదు. డిసెంబరులో వితంతు పింఛను ఆగింది. గదిలో ఉన్నవి ఫ్యాను, బల్బు, టీవీ. సచివాలయానికి పోయి అడిగితే మీటరు అబద్ధం చెప్పదన్నారు.

ఆ ఏడు నాగజ్యోతి తన పాఠం మీద చర్యాత్మక పరిశోధన చేస్తోంది. పాఠం చెప్పడం, పిల్లలకు ఏం అందిందో చూడడం, అందకపోతే మార్చి మళ్లీ చెప్పడం. పిల్లలు యూనిట్ల లెక్కలు చేసేవారు గాని సొంతింటి మీటరు చూసేవారు కాదు. అందుకని రోజూ మీటరు చూసి రమ్మంది. రీడింగ్ ఎక్కువుంటే ఇంట్లో కరెంటు వృథా చేస్తున్నట్టని చెప్పింది.

హర్షిణి నమ్మింది. పగలు ఫ్యాను ఆపేసింది. ఓబులమ్మ నెత్తిన తడిగుడ్డ వేసుకుని మెట్ల మీద కూర్చుంది. రీడింగ్ తగ్గలేదు. కుటుంబం సహకరించలేదని నాగజ్యోతి పరిశోధన నివేదికలో రాసుకుంది.

హర్షిణి టీచరు బల్ల దగ్గరికి వచ్చింది. "మేడం, ఫ్యాను కూడా ఆపినాం. అవ్వ మెట్ల మీద కూచుంటాండాది. ఇంకేం ఆపల్ల?"

నాగజ్యోతి ఆ వాక్యం కొట్టేసింది. పాఠం మార్చింది. ఇంట్లో స్విచ్‌లన్నీ ఆపి, కరెంటు వాడుతున్నంతసేపు మీటరులో మిణుకుమనే ఎర్ర లైటు చూడమంది. పిల్లలందరి ఇళ్లలో లైటు మిణుకుమనడం ఆగింది. హర్షిణి ఇంట్లో ఆగలేదు. అందుకే ఆదివారం టీచరు స్వయంగా వచ్చింది. మెయిన్ తీశాక లైటు ఆగింది.

భూపేష్ మెట్లెక్కి వచ్చాడు. "ఎవురప్పా మెయిన్ తీసింది? ఐస్‌క్రీములు కరిగిపోతాండాయి."

ఓబులమ్మ మెట్టు మీది నుంచి లేవలేదు. "ఏం భూపేషూ, నా గదిలో తీస్తే నీ ఐస్‌క్రీము యాల కరుగుతాది?"

వైరింగు తన నాయన కాలంనాటిదని, తనకు తెలియదని అతను అన్నాడు. ఆ ఫ్రిజ్‌లు కొన్నది నిరుడు. అంగడి మీటరుకు ఇంటి మీటరు కంటే రేటు ఎక్కువ. తర్వాత టీచరు వైపు తిరిగాడు.

"పాఠం చెప్పుకోండి మేడం. ఇంటింటికీ తిరిగి మీటర్లు చూడనీకి మీరేమన్నా లైన్‌మ్యానా?"

"పాఠమే చెప్తాండా" అంది నాగజ్యోతి.

సోమవారం హెడ్మాస్టరు ఆమెను పిలిచాడు. బడికి ఫ్యాన్లు ఇచ్చింది భూపేష్. హర్షిణి ఇంటి సంగతి నివేదికలో వద్దన్నాడు. తన పాఠం వినే పిల్ల వాళ్ల అవ్వను ఎండలో కూర్చోబెట్టిందని, అది లేకుండా నివేదిక ఇవ్వనని ఆమె చెప్పింది. అలాగే ఇచ్చింది. కరెంటు ఆఫీసులో ఫిర్యాదూ ఇచ్చింది.

నెలాఖరులోగా అంగడి లైను విడదీశారు. ఏప్రిల్‌లో పగలూ రాత్రీ ఫ్యాను తిరిగినా ఓబులమ్మ మీటరు యాభై యూనిట్లు దాటలేదు. సచివాలయంలో మాత్రం గడిచిన నెలల సగటు ఇంకా మూడు వందల పైనే ఉందన్నారు.

మే ఒకటిన ఆ వీధిలో పింఛన్లు పంచారు. ఓబులమ్మకు ఇవ్వలేదు.